లారీ డ్రైవరు జబ్బుపడినచో

గోదావరిఖని శివార్లలో బొగ్గు లారీలు బారులు తీరి నిలుచు మైదానమొకటి గలదు. దాని అంచున నున్న పంక్చరు దుకాణము ముందు, ఒక పాత టైరుపై, ఉదయము మొదలు చీకటి పడువరకును ఒక మనుష్యుడు కూర్చుండియుండుట ఆ దారిని పోవువారెల్లరును చూచుచున్నదే. ఆయన భిక్షకుడు కాడు, త్రాగుబోతును కాడు. చెన్నూరు ప్రాంతపు రైతుబిడ్డ. ఇరువదిరెండేండ్లు లారీ నడపినవాడు. ఏ బండి డ్రైవరైనను రాకపోయినచో తన్ను పిలుతురేమోయని ఆయన ఆశ. నెలకు రెండు మూడు మార్లు పిలుతురు. తక్కిన దినములలో టైరు మీదనే పొద్దు గ్రుంకును.

రెండేండ్ల క్రిందట ఒక రాత్రి లోడుతో పోవుచుండగా ఆయనకు రొమ్మున నొప్పి పుట్టెను. బండిని రోడ్డు ప్రక్కకు దింపి, హ్యాండుబ్రేకు వేసి, తాళము క్లీనరు చేతికిచ్చి, ఆ పిమ్మట పడిపోయెను. బండికి గీత పడలేదు, లోడు చెదరలేదు. ఆరోగ్యశ్రీ పుణ్యమున గుండెకు స్టెంటు పడినది. మూడు నెలలు ఇంట నుండి, మందులు మ్రింగి, బీడీ మాని, డాక్టరుచే "ఇక పనికి పోవచ్చును" అని వ్రాయించుకొని యజమాని గుమ్మమునకు పోయెను. యజమాని ఆయనను కూర్చుండబెట్టి చాయ త్రాగించి చెప్పిన మాటను ఆయన మాకు ఉన్నదున్నట్లు చెప్పినాడు: "నీ పానం మంచిగయిందంటె సంతోషమే తమ్మీ. గని బండి మీద ఇంకొకడు ఎక్కిండు. వాన్నెట్ల దింపుత? రేపు నీ గుండె మల్ల ఆగితె నా బండిని ఎవడు ఆపుతడు?"

ఈ మాటలాడిన యజమాని దుర్మార్గుడని మేమనుట లేదు. అతడు ఆసుపత్రికి ఒకసారి వచ్చి చూచిపోయినవాడే. కొంత డబ్బు చేబదులిచ్చినవాడే. ఇరువదిరెండేండ్ల సేవకు ఆ చాయయు ఆ చేబదులును తప్ప మరి యే హక్కును లేకుండుట ఎవరి దోషమని మేమడుగుచున్నాము. చేబదులు దయ. దయకు లెక్కలుండును, తిరిగి తీర్చవలసియుండును. ఆయన ఇప్పటికిని తీర్చుచున్నాడు.

పట్టణములలోని చదువరులు కొందరు "జబ్బుపడి నయమైనవానికి పని తిరిగి దొరకుట సహజమే కదా" యనుకొందురు. తమ ఆఫీసులలో అట్లే జరుగుచుండుట వలన వారికి అట్లు తోచును. గుమాస్తా టైఫాయిడుతో నెలదినములు మంచమెక్కినచో, వైద్యుని సర్టిఫికెట్టు పంపును. కుర్చీ ఆయనకై వేచియుండును. ఆ కుర్చీ అట్లు వేచియుండుట ప్రకృతి ధర్మము కాదు. దానిని మనుష్యులు పోరాడి, వ్రాయించి, చట్టముగా నిలిపినారు. 1944లో అడార్కరు గారు కార్మికుల ఆరోగ్య బీమాను గురించి నివేదిక సమర్పించిరి; దాని ఫలముగా 1948లో ఉద్యోగుల రాజ్య బీమా చట్టము పుట్టినది. జబ్బుపడిన కార్మికునికి సంవత్సరములో 91 దినముల వరకు కూలిలో నూటికి 70 వంతుల చొప్పున భృతి నిచ్చు ఏర్పాటు దానివలన కలిగినదే. అంతకంటెను ముఖ్యమైనది ఆ చట్టపు 73వ సెక్షను: కార్మికుడు ఆ భృతి పొందుచున్న కాలమున వానిని యజమాని పనినుండి తొలగింపరాదు, దండింపరాదు. స్వరాజ్యము వచ్చి సంవత్సరమైనను నిండకముందే మన శాసనకర్తలు ఈ మాట వ్రాసిరి. ఆ చట్టము ఇప్పుడు 2020 సామాజిక భద్రతా సంహితలో కలిసిపోయినది. ఐనను ఇన్నేండ్లలో పంక్చరు దుకాణము ముందరి మనుష్యునకు ఆ సెక్షనుతో నిమిత్తమే కలుగలేదు. ఏలయన, ఆయన పేరు ఏ రిజిస్టరులోను లేదు.

మరి స్టీరింగు పట్టిన వారందరికిని ఇదే గతియా? కాదు. ఇచ్చటనే, ఈ జిల్లాలలోనే, ఒకే రోడ్డుపై ఎదురెదురుగా పోవు ముగ్గురు డ్రైవర్లను చూడుడు.

మొదటివాడు ఆర్టీసీ బస్సు నడుపువాడు. 1932లో నిజాము రైల్వేవారు 27 బస్సులతో ఆరంభించిన సంస్థకు వారసుడు. 2014లో ఈ ఉద్యోగమున చేరిన ఒక డ్రైవరుకు రంగులు గుర్తింపలేని దృష్టిదోష మున్నదని వైద్యపరీక్షలో తేల్చి, 2016లో సంస్థవారు వానిని ఇంటికి పంపివేసిరి. అతడు ఊరకుండలేదు. వ్యాజ్యము సుప్రీంకోర్టు వరకు పోయినది. 2025 ఆగష్టు 1వ తేదీన ఆ న్యాయస్థానము, అతనికి తగిన వేరొక పనిని మునుపటి వేతనశ్రేణిలోనే ఇయ్యవలెననియు, బకాయి జీతములో నాలుగవ వంతు చెల్లింపవలెననియు తీర్పు చెప్పినది. వేరు పని లేదని చూపవలసిన భారము సంస్థదే కాని, పని కలదని చూపవలసిన భారము ఉద్యోగిది కాదని కూడ చెప్పినది. పాఠకులు గమనింపవలసిన సంగతి యిది: ఆ తీర్పుకు పట్టుకొమ్మయైనది 1979లో కార్మిక సంఘములకును సంస్థకును జరిగిన ఒక ఒప్పందము. రంగుల దోషమున్న డ్రైవరుకు ప్రత్యామ్నాయపు పని చూపవలెనని అందులో ఒక ఖండము గలదు. దానిని వ్రాయించినవారిలో ఎందరు జీవించియున్నారో మేమెరుగము. వారు వ్రాయించిన ఆ నాలుగు పంక్తులు 46 ఏండ్ల తరువాత, వారెన్నడును చూచియుండని యొక డ్రైవరు కూటిని నిలిపినవి.

రెండవవాడు సింగరేణి ఓపెన్‌కాస్టులో డంపరు నడుపు పర్మినెంటు కార్మికుడు. వానికి కంపెనీ ఆసుపత్రి గలదు, సిక్కు సెలవు గలదు, కొత్తగూడెమున మెడికల్ బోర్డు గలదు. మునుపటి పనికి తగడని బోర్డు తేల్చినచో తేలికయైన పని యిచ్చు ఆచారము గలదు; ఏ పనికిని పూర్తిగా తగనివాని ఇంటివారిలో ఒకరికి ఉద్యోగ మిచ్చుట గలదు. ఈ వారసత్వపు ఉద్యోగములపై 2017లో హైకోర్టు అడ్డు చెప్పగా, 2018 నుండి కారుణ్య నియామకముల పేరిట మరల దారి తెరచిరి. ఆ బోర్డుల చుట్టు దళారులు తిరుగుదురన్న అపవాదును మేమెరుగుదుము. దానిని గూర్చి వేరుగ వ్రాయవలసియున్నది. తప్పులున్నను దారియొకటి యున్నది. ఆ దారికి జాతీయ బొగ్గు వేతన ఒప్పందము అను కాగితపు ఆధారమున్నది.

మూడవవాడు అదే గనిలో మట్టి తీయు కాంట్రాక్టరు టిప్పరును, లేక అదే బొగ్గును సిమెంటు ఫ్యాక్టరీకి చేర్చు లారీని నడుపువాడు. అదే ధూళి పీల్చును. అదే రాత్రి మేల్కొనును. వానికి బోర్డు లేదు, సెలవు లేదు, కాగితము లేదు. నెల జీతము కొంత, ట్రిప్పుకు బత్తా కొంత. చక్రము తిరిగిననాడే బత్తా. జ్వరము తగిలిననాడు బత్తాయు లేదు, సీటును లేదు.

చట్టమునందు వీనికి ఏమియు లేదా యని అడుగవచ్చును. ఉన్నది, అది యెంత యున్నదో వకీళ్లమైన మాకు తెలియును. 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టము డ్రైవరుకును చెల్లినది. ఒక్క బండి యున్న యజమానిని కూడ అది విడువలేదు. ఆ చట్టమును ఇప్పుడు 2020 సామాజిక భద్రతా సంహితలో చేర్చినారు. పనిలో దెబ్బ తగిలినచో పరిహారము. 2008లో సుప్రీంకోర్టు, కాలు పోయిన ట్యాంకరు డ్రైవరొకని సంపాదనాశక్తి నూటికి నూరు పాళ్లు పోయినట్లేయని తీర్పు చెప్పినది. డ్రైవరుకు కాలు పోవుట గుమాస్తాకు కాలు పోవుట వంటిది కాదని గుర్తించినది. సంతోషము. ఐతే చట్టము పోయిన కాలికి వెల కట్టినదే కాని, నయమైన కాలికి సీటు చూపలేదు. దెబ్బయైనచో కచ్చేరికి పోవచ్చును. క్షయయైనచో, గుండెజబ్బైనచో, కంటిశుక్లమైనచో ఎక్కడికి పోవలెను?

1961లో మోటారు రవాణా కార్మికుల చట్టమొకటి చేసిరి. దినమునకు ఎనిమిది గంటలు, వారమునకు నలుబదియెనిమిది గంటలకు మించి పని చేయింపరాదని అందులో నుండెను. ఇరువది దినముల పనికి ఒకదినము చొప్పున జీతముతో సెలవు నుండెను. నాగపూరు రోడ్డుపై మహబూబు ఘాటు నెక్కు ఏ లారీ డ్రైవరునైనను ఈ ఎనిమిది గంటల మాట అడిగి చూడుడు, నవ్వును. ఆ చట్టము ఐదుగురు కార్మికులున్న ప్రతి సంస్థకును వర్తించెడిది. దానిని రద్దుచేసి 2020 వృత్తిభద్రతా సంహితలో కలిపి, 2025 నవంబరు 21 నుండి అమలులో పెట్టినారు. క్రొత్త సంహితలో సంస్థ యనిపించుకొనుటకు పదిమంది యుండవలెను. ఐదు పది ఐనది. నాలుగు బండ్లకు ఎనమండ్రు మనుష్యులున్న యజమాని నిన్నటి చట్టము లోపల నుండెను. నేటి చట్టమునకు వెలుపల నున్నాడు. దీనిని సంస్కరణ మందురు.

అదే సంహితలో ప్రతి ఉద్యోగికిని నియామక పత్రము నియ్యవలెనని యున్నది. మంచి మాటయే. నలుబది యేండ్లు దాటిన కార్మికులకు సంవత్సరమునకొక ఉచిత వైద్యపరీక్ష యని కేంద్ర ప్రభుత్వము ప్రకటించినది. ఇదియు వినసొంపుగనే యున్నది. కాని మేమొక ప్రశ్న వేయుచున్నాము. పరీక్షలో చక్కెర రోగము బయటపడినచో ఆ డ్రైవరు గతి యేమి? వానికి ఇన్ని దినముల చికిత్స, పిమ్మట మునుపటి సీటు అను నిబంధన ప్రక్కన లేనియెడల, ఆ పరీక్ష వైద్యము కాదు, ఏరివేత. ఈ సంగతిని డ్రైవర్లు మనకంటె ముందుగా గ్రహించినారు. కావుననే కంటి శిబిరము పెట్టినచో వారు రారు. వచ్చినను చూపు మసకయని చెప్పరు.

ఇచ్చట మేము కొంతసేపు ఆగవలసియున్నది. ఈ విషయము డ్రైవరు ఇంటి విషయము మాత్రమే యనుకొనువారికి ఇదియే సమాధానము. జబ్బు చెప్పిన సీటు పోవునని తెలిసినవాడు జబ్బు చెప్పడు. రొమ్మునొప్పికి ఊరి ఆర్.ఎం.పి. చేత సూదిమందు వేయించుకొని బండి యెక్కును. చక్కెర మాత్రలు క్లీనరుకు కూడ కనబడకుండ దాచును. కంటిలో పొర కమ్మినను, ఆపరేషనుకు పట్టు కొన్ని వారములలో బండి చేయిజారునని, ఎదుటి బండి దీపముల నుద్దేశించి నడుపును. నెత్తిన ముప్పది టన్నుల గ్రానైటు రాతితో అట్టివాడు కరీంనగరు నుండి బయలుదేరినప్పుడు, రాజీవ్ రహదారిపై వానికి ఎదురుగా వచ్చునది ఎవరు? పెండ్లి కారులో మీరు, బడి బస్సులో మీ పిల్లలు. పంక్చరు దుకాణపు మనుష్యుడు ఆ రాత్రి నొప్పిని దాచక బండిని ఆపెను. ఆపినందుకు దొరకిన బహుమానమును ఆ మైదానములోని డ్రైవర్లందరును ప్రతిదినము కన్నులార చూచుచున్నారు. ఇకమీదట వారిలో ఎవడు ఆపును?

క్షయను గురించి వేరుగా చెప్పవలెను. బొగ్గు ధూళి, నిద్రలేమి, క్యాబినులో ఇద్దరు ముగ్గురు కలిసి పరుండుట: ఈ జబ్బునకు అన్నియు అనుకూలములే. మామూలు క్షయకు ఆరు నెలల మందు. మందులు సరిగా పనిచేయుచున్నచో కొన్ని వారములలోనే ఒకరినుండి ఒకరికి అంటు శక్తి చాలవరకు తగ్గును. ప్రభుత్వము మందు ఉచితముగా నిచ్చుచున్నది. పోషణకై 2018 నుండి నెలకు 500 రూపాయలును, 2024 నవంబరు నుండి 1000 రూపాయలును ఇచ్చుచున్నది. మందు గలదు, గ్రుడ్లకు డబ్బు గలదు. సీటు మాత్రము లేదు. "టీబీ డ్రైవరు" అను పేరు ఒకసారి పడినచో లారీ అడ్డాలో అది పోదు. ఇచ్చట పోయినవాడు గల్ఫుకైనను పోవుదమనుకొనును; జగిత్యాల, సిరిసిల్ల, నిర్మలు ప్రాంతములలో ట్రేలరు నడుప దుబాయికి, సౌదీకి పోయినవారు లేని యూరు అరుదు. కాని గల్ఫు మెడికలులో ఎక్సురే తీసి, ఎప్పుడో మానిన క్షయ మచ్చ కనబడినను అన్‌ఫిట్ అని ముద్ర వేయుదురు. ఆ దేశముల మాట మన చేతిలో లేదు. మన ఊరి అడ్డా మాట మన చేతిలో లేదా?

లారీ యజమానులు మమ్ములను తప్పుగా గ్రహింతురని యెరుగుదుము. వారిలో మాకు మిత్రులున్నారు. వారి వాదము మేము విన్నదే. "ఫైనాన్సు కంపెనీకి నెలనెలా కిస్తీ కట్టవలెను. డ్రైవరు జ్వరము తగ్గువరకు బండిని ఇంటి ముందు నిలుపుకొందుమా? నిలిపినచో బండిని వారు గుంజుకొని పోవుదురు. మా సీటు ఎవడు కాపాడును?" ఈ వాదములో సత్యమున్నది. ఒక బండి, రెండు బండ్లు గల యజమాని తానును నిన్నటి డ్రైవరే. అప్పుచేసి మెట్టు ఎక్కినవాడు. వాని నెత్తిన ఆరు నెలల జీతము మోపినచో ఇద్దరును కలిసి మునుగుదురు. మా కోరిక అది కాదు. తాత్కాలికముగా మరియొకనిని ఎక్కించుకొనుమనియే మా మాట. కాని ఎక్కించునప్పుడు "ఇది ఫలానా వాని సీటు, వాడు వచ్చువరకు నీవు" అని చెప్పి, కాగితముపై వ్రాసి ఎక్కించుట కష్టమా? బదిలీ పని, బదలీ ఫిల్లరు అను మాటలను మన సింగరేణిలో తాతల నాటినుండి వినుచున్నాము. గనిలో చెల్లిన పద్ధతి గని గేటు దాటిన లారీలో ఎందుకు చెల్లదు?

మరికొందరు "రోగిని చక్రము వద్ద కూర్చుండబెట్టుమందురా?" యని మాపైకి వత్తురు. కూర్చుండబెట్టుమని మేమనుట లేదు. మూర్ఛవ్యాధి యున్నవాడు మరల భారీ బండి నడుపరాదు. ఇందులో వాదము లేదు. నడుపదగునా తగదా యన్నది వైద్యుడు తేల్చవలెను. యజమాని ముఖము చూచి తేల్చరాదు, అడ్డాలోని పుకారు తేల్చరాదు. రవాణా లైసెన్సుకు ఫారము 1-ఏ అను వైద్య సర్టిఫికెట్టు ఎట్లును కావలెను. లైసెన్సు ఐదేండ్లకొకసారి మార్చుకొనవలెను. గడువు దాటి ఏడాది గడిచినచో మరల పరీక్షకు నిలువవలెను. జబ్బుతో మంచము పట్టినవాడు ఆ గడువును కూడ మరచును. లేచునప్పటికి సీటుతోపాటు లైసెన్సును పోయియుండును. నడుపుటకు తగనివానికి కాటా దగ్గర పనియున్నది, డీజిలు లెక్క యున్నది, ట్రిప్పుషీట్లు వ్రాయు పని యున్నది. ఇరువది యేండ్లు రోడ్డు చూచినవానికంటె ఈ పనులు ఎక్కువ యెరిగినవాడెవడు?

ఇక భారము ఎవరు మోయవలెను? లారీవాడు చిన్నవాడు, సరుకు పంపువాడు చిన్నవాడు కాడు. రామగుండములో ఎన్.టి.పి.సి. గలదు, ఎరువుల కర్మాగారము గలదు. బసంతనగరు, దేవాపూరులలో సిమెంటు గలదు. సింగరేణిలో 51 పాళ్లు రాష్ట్ర ప్రభుత్వమువి, 49 పాళ్లు కేంద్ర ప్రభుత్వమువి, అనగా మనవే. ఈ సంస్థలు రవాణా కాంట్రాక్టు వ్రాయునప్పుడు టన్నుకు కిలోమీటరుకు ఎన్ని పైసలో వ్రాయుదురు. ఆలస్యమైనచో జరిమానా వ్రాయుదురు. బండి వయస్సు వ్రాయుదురు. టార్పాలిను కప్పవలెననియు వ్రాయుదురు. బొగ్గు తడవకుండుటకు ఒక ఖండమున్నది. దానిని తెచ్చు మనుష్యుడు జబ్బుపడినచో ఏమి చేయవలెనో ఒక్క పంక్తి లేదు. అచ్చటనే వ్రాయింపవలెనని మా వాదము. డ్రైవరు పేరు రిజిస్టరులో నుండవలెను. నియామక పత్రము వాని చేతిలో నుండవలెను. జబ్బుపడినచో ఆరు నెలల వరకు సీటు వానిదే. తిరిగి వచ్చినప్పుడు జిల్లా ఆసుపత్రి వైద్యుల మాటయే తుది మాట. తగనిచో అదే కాంట్రాక్టులో వేరు పని. ఈ ఆరు నెలల కాలపు భృతికై టన్నుకు ఇంతయని ఒక నిధి, దానిని సరుకు పంపు సంస్థయే కట్టవలెను. ఖరారైన పైసల లెక్క మాకంటె వారి గుమాస్తాలు బాగుగా వేయగలరు.

చట్టము రావలెను, ప్రభుత్వము కదలవలెనని కూర్చుండుట మాకు సమ్మతము కాదు. 1979లో ఆర్టీసీ కార్మికులు చట్టమునకై కూర్చుండలేదు; ఒప్పందము వ్రాయించినారు. ప్రభుత్వములు లారీ డ్రైవరును ఎప్పుడు చూచునో మాకు అనుభవమే. 2024 జనవరి తొలి దినములలో, ప్రమాదము చేసి పారిపోయినవారికి పదేండ్ల శిక్షయను క్రొత్త నిబంధనపై డ్రైవర్లు చక్రము విడిచినప్పుడు, హైదరాబాదులో పెట్రోలు బంకుల ముందు బారులు తీరినవి. ఆ సాయంకాలమే ఢిల్లీ మెత్తబడినది. ఆ నిబంధన అమలును ఆపినారు. బండి ఆగిన దినమున మాత్రమే డ్రైవరు కనబడును. 2015లో మన రాష్ట్ర ప్రభుత్వము ప్రమాదములో మరణించిన డ్రైవరు కుటుంబమునకు ఐదు లక్షల రూపాయల బీమా నేర్పరచినది. దానిని మేము ఆ దినమున అభినందించితిమి. చచ్చినవాని ఇంటికి ఐదు లక్షలు. బ్రతికి వచ్చినవానికి పాత టైరు.

ఇందులో మా వంతు తప్పిదమును దాచము. 2011 సెప్టెంబరు 13న సకల జనుల సమ్మె మొదలైనప్పుడు మేము ఈ రోడ్లపైననే యుంటిమి. నలుబదిరెండు దినములు. వంటావార్పుకు రోడ్డు నడుమ పొయ్యి పెట్టితిమి, లారీలు ఆగినవి. ఆగిన లారీలలోని డ్రైవర్లు మమ్ము తిట్టలేదు. దిగి వచ్చి కట్టెలు చీల్చిరి, మాతో కూర్చుండి తినిరి, నినాదమునకు గొంతు కలిపిరి. సర్కారు జీతగాండ్రకు సమ్మెకాలపు జీతము పిమ్మట ముట్టినది. వీరికి పోయిన బత్తాను ఎవరును ఇయ్యలేదు, వీరు అడుగను లేదు. నీళ్లు, నిధులు, నియామకాలు అని వారితోనే అనిపించితిమి. 2014 జూన్ 2న రాష్ట్రము వచ్చినది. నియామకాలు అను ఆ మూడవ మాటకు సర్కారు కొలువు అని మాత్రమే మనము అర్థము చెప్పుకొంటిమి. జీవితమంతయు పనిచేయుచు ఒక్క నియామక పత్రమునైనను చూడని వారు మనతో కూర్చుండి అన్నము తినిరని మనకు స్ఫురింపలేదు. 2019లో ఆర్టీసీవారు ఏబది దినములకు పైగా సమ్మె చేసినప్పుడు మద్దతుగా వ్యాసములు వ్రాసితిమి. వారికి సంఘముండెను, మా పేరు పత్రికలో పడెను. లారీ అడ్డాకు మేము పోలేదు.

వకీళ్లము కూడ అంతే. ప్రమాదములో చనిపోయిన డ్రైవరు కేసు మా గుమ్మమునకు వచ్చును. అందులో పరిహారమున్నది, ఫీజున్నది. జబ్బునుండి లేచి సీటు కోల్పోయినవాని కేసు రాదు. వచ్చినను "నీవు ఆ యజమాని వద్ద పనిచేసినట్లు రుజువేమి?" అని అడిగి పంపివేసిన సందర్భములు మాకు జ్ఞాపకమున్నవి. పంక్చరు దుకాణపు మనుష్యుడు అట్లే మా యొద్దకు వచ్చినవాడు. ఇరువదిరెండేండ్లకు ఆయన వద్ద నున్న రుజువు, లోడు దింపిన చోట ఇచ్చిన ఒక్క రసీదు. అదియు చలానా చెల్లింపునకై జేబులో మిగిలిపోయినది.

కావున డ్రైవరు సోదరులకు, ఈ పత్రికను వారికి చదివి వినిపించు గ్రంథాలయ మిత్రులకు, మేము ఇప్పుడే చేయదగిన పనిని చెప్పుచున్నాము. ట్రిప్పుషీటు, కాటా చీటి, వే బిల్లు: మీ పేరు గాని బండి నంబరు గాని ఉన్న ప్రతి కాగితమును ఫోనులో ఫోటో తీసి, తేదీవారీగా ఇంట నొకరికి పంపి యుంచుడు. బత్తా చేతికి కాక ఖాతాలో వేయుమని అడుగుడు. ఒక నెల వేసినను అది మీ సాక్షి. ఆసుపత్రిలో చేరినచో డిశ్చార్జి కాగితముపై వృత్తి గడిలో "కూలి" అని వ్రాయనీయకుడు, "లారీ డ్రైవరు" అని వ్రాయింపుడు. చేరిన దినముననే యజమానికి వాట్సాపులో ఒక్క పంక్తి పంపుడు: ఫలానా జబ్బుతో చేరితిని, నయము కాగానే పనికి వత్తును అని. లేచిన పిమ్మట ఫారము 1-ఏ పై వైద్యుని సంతకము తీసికొని దాని నకలును యజమానికిచ్చి, తేదీ వేయించుకొనుడు. లైసెన్సు గడువు ఏనాడు తీరునో ఇంటి గోడపై వ్రాసియుంచుడు. ఆ కాగితములతో వచ్చినవానిని మేమును, ఈ రెండు పాత జిల్లాలలోని మా తోటి వకీళ్లలో ఇప్పటికి ఒప్పుకొన్నవారును, ఫీజు లేక వినెదము. పంక్చరు దుకాణపు మనుష్యుని తరఫున నోటీసు గతవారము పంపియున్నాము. జవాబు ఇంకను రాలేదు.